అన్ననని పెట్టిన సంతకం

తాండూరు

అక్కకు తమ్ముడు సాయిలు మొక్కి రాసేది. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. మీ దోమ ఊళ్లో వానలు పడ్డాయా? గొర్రెల రోగం తగ్గిందా? నేనూ బాగున్నానని రాయాలి గాని రాయబుద్ధి కావడం లేదు. ఒంటికైతే ఏమీ కాలేదు, ఫికర్ చేయకు.

ఇక్కడ చినుకు లేదు. పొద్దంతా గనిలో బండలు కొట్టి వచ్చి జొన్నరొట్టె నేనే చేసుకుంటాను. సగం మాడుతుంది. అనసూయ పోయి మూడు నెలలైంది. ఇంట్లో పలకరించే మనిషి లేదు.

అసలు సంగతి చెబుతాను. దినాలు కాగానే అనసూయ తండ్రి వికారాబాద్ నుంచి వచ్చి మన సుగుణను తీసుకుపోయాడు. నాలుగేళ్ల పిల్ల "నాయినా" అని నా ధోవతి పట్టుకుంటే, వేళ్లు విడిపించి మరీ తీసుకుపోయాడు. భర్త పోయిన తన బిడ్డ తాళి లేకుండా గొర్రెలు కాసే కులంవాడితో ఉందని ఐదేళ్లు మొహం చూడని మనిషి!

వికారాబాద్‌లో ఒక వకీలును కలిశాను. "పెండ్లి కాకున్నా తల్లి పోయినంక తండ్రికే హక్కుంటది. కానీ నువ్వే తండ్రివని రుజువేది?" అన్నాడు. రుజువు ఉంది అక్కా, కాని నాకు వ్యతిరేకంగానే ఉంది. కాన్పుకు చేర్చినప్పుడు దవాఖానలో ఏమవుతావని అడిగారు. భార్య అనడానికి నోరు రాలేదు. ఆమె పరువు పోతుందని అన్ననన్నాను. కింద సంతకం కూడా పెట్టాను. తండ్రి పేరు దగ్గర ఖాళీ వదిలేశారు. నా అంత మూర్ఖుడు ఎక్కడైనా ఉంటాడా? ఆ కాగితం పిల్ల బట్టల మూటలో ముసలాయన చేతికి పోయింది.

పోయిన ఆదివారం పిల్లను చూడబోతే అరుగు మీదే ఆపాడు.

"కాగితంల మేనమామవు. మేనమామ లెక్క అచ్చి చూసిపో, ఎవరొద్దంటరు? తండ్రినని కోర్టుల నిలవడితే మాత్రం గీ గడప తొక్కనియ్య" అన్నాడు. లోపల సుగుణ గొంతు వినబడింది. అక్కడే ఏడ్చాను, సిగ్గు కూడా పడలేదు.

ఇక భారం నీదే. ఇరవై ఒకటో రోజున మేనత్తగా పిల్లను తొట్టెలో వేసి పేరు పెట్టింది నువ్వే. మా గడప తొక్కొద్దన్న బావకు పరిగి అంగడికని అబద్ధం చెప్పి వచ్చావు. ఆ ముచ్చటే కోర్టులో చెబితే జడ్జి వింటాడని వకీలు అంటున్నాడు. అది తెలిస్తే బావ కొడతాడేమో, ఇల్లు వదిలి పొమ్మంటాడేమో. తెలిసే అడుగుతున్నాను. నన్ను ఎంతైనా తిట్టుకో.

వకీలు కేసు వేశాడు, వచ్చే సోమవారం కోర్టులో పేషీ. పొద్దటి బస్సుకు రా. వికారాబాద్ బస్టాండు దగ్గర నిలబడి ఉంటాను. రాలేకపోయినా నీ మీద కోపం లేదు. నువ్వు రాకుంటే కేసు వద్దని చెప్పి, మేనమామనేనని రాసిచ్చి వస్తాను. అట్లయినా పిల్లను చూడనిస్తారు.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన ఉండాలి. ఈ ఉత్తరం పెద్దబిడ్డతో చదివించుకుని, బావ కంట పడకుండా పొయ్యిలో వెయ్యి.

ఇట్లు,
సుగుణ తండ్రి,
సాయిలు

ఈ మాట కాగితం మీద రాయడం ఇదే మొదటిసారి అక్కా.