హన్నా పెట్టిన ఇంటూ మార్కు

క్లెమెంటి, సింగపూర్
ఆదివారం

పద్మక్కకు, నీ చెల్లెలు సుజాత నమస్కారాలు.

ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, బావ ఎలా ఉన్నారు? తాపీపనికి గోడలెక్కడం తగ్గించమని డాక్టరు చెప్పాడు కదా, బావ వింటున్నాడా? ఆయన నడుం నొప్పికి ఒక తైలం కొని ఉంచాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో నీ గొంతు వినగానే అబద్ధం ఆడేస్తున్నానక్కా. కాగితం మీదైతే ఆడలేను.

ఇక్కడ రోజూ మధ్యాహ్నానికి వాన. ఆరేసిన బట్టలు ఆరవు. కింద చిన్న చిన్న తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో దోసె తింటాను, సాంబారు కాస్త తియ్యగా ఉంటుంది. నీ కాబోయే మరిది కిశోర్‌కు రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు, ఆదివారాలే తీరిక. మిగతా రోజులు గదిలో నేనూ, నా టీ గిన్నే. అయినా బాగానే ఉన్నాను. రెండోసారి రాశానంటే నీకు అనుమానం వచ్చే ఉంటుంది.

యూనివర్సిటీలో నేను చేసే పనేమిటని బావ అడిగాడు కదా. ఇంగ్లండులో ఒక చిన్న పల్లెటూరుంది. అక్కడి చర్చిలో రెండు వందల ఏళ్ల కిందటి పెళ్లి పుస్తకాలున్నాయి. వాటి ఫొటోలు చూసి నేను కంప్యూటర్లో ఎక్కించాలి. ప్రతి పెళ్లికీ పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెడతారు. రాయడం రానివాళ్లు ఇంటూ మార్కు పెడతారు. సంతకముంటే చదువు వచ్చు అని, ఇంటూ ఉంటే రాదు అని రాయాలి. ఆ ఊరివాళ్ల ఇంటిపేర్లు మన వీధివాళ్లవిలా నోటికొచ్చేశాయి.

పోయిన వారం హన్నా అనే పెళ్లికూతురి దగ్గర ఆగిపోయాను. ఆమె భర్త కూలీ, ఇంటూ పెట్టాడు. కింద ఆమెదీ ఇంటూయే. "రాదు" అని ఎక్కించాను. నాలుగు పేజీలు తిప్పితే ఆమె చెల్లెలి పెళ్లి. అక్కడ సాక్షిగా అదే హన్నా, భర్త ఇంటిపేరుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టింది. ఈ మధ్యలో నేర్చుకుందేమోనని మా ప్రొఫెసర్‌ను అడిగాను. ఆవిడ ఇక్కడి చైనీస్ పెద్దావిడ.

"నేర్చుకోవడం కాదు. ఇలాంటివి చాలా చూశాను. మొగుడికి రాదు. అతని కింద తను చక్కగా రాస్తే అతనికి చిన్నతనమని ఆగి ఉంటుంది" అంది.

ఆవిడ అన్నది హన్నా గురించి. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నది నేను.

మీ ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ రోజు గుర్తుందా? నేనప్పుడు పదో తరగతి. బావ వేలిముద్ర వేశాడు. గుమాస్తా నీకు పెన్ను ఇచ్చాడు. నువ్వు బావ వైపు చూసి, పెన్ను బల్ల మీద పెట్టేసి, బొటనవేలు సిరాకు అద్దావు. "ఇద్దరూ వేలిముద్రలేనా" అని అతను నవ్వాడు. మా క్లాసు అమ్మాయి వాళ్ల నాన్నతో అక్కడే ఉంది. నేను మీతో రానట్టు తలుపు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. బయటికొచ్చాక నీకు రాయడం వచ్చు కదా అని పోట్లాడితే, "మీ బావ ఏలుముద్ర ఏసిన కింద నేను సంతకం గీకితే ఏం బాగుంటదే, ఊరుకో" అన్నావు.

ఇప్పుడు అసలు మాట. వచ్చే నెల మా రిజిస్టర్ పెళ్లికి ఇక్కడివాళ్లే సాక్షులుగా ఉండాలని నీకు చెప్పాను. అది అబద్ధం. వయసు నిండినవాళ్లు ఎవరైనా ఉండవచ్చు. మీ అక్కాబావలను పిలుద్దామని కిశోర్ రెండుసార్లు అన్నాడు. బావకు పని ఒత్తిడి అని అతనికో అబద్ధం చెప్పాను. అతని ఆఫీసువాళ్ల ముందు మీరిద్దరూ మళ్లీ వేలిముద్రలు వేస్తారని సిగ్గుపడ్డానక్కా. నువ్వేమో "రూలు అట్టుంటే ఏం చేస్తాం, ఫొటోలు పంపు" అన్నావు. ఆ మాట నన్ను అన్నం తిననివ్వడం లేదు. అమ్మ పోయాక నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నువ్వే. ఆ చేతిని చూసే సిగ్గుపడ్డాను.

హన్నా పేరు దగ్గర "వచ్చు" అని మార్చబోతే ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు ఉంచి, పక్కన గమనిక రాయమంది. రాశాను.

నిన్న కిశోర్‌కు అంతా చెప్పాను. అతను, "ముందు మీ అక్కకు చెప్పు. పెళ్లి ఎక్కడికీ పోదు" అన్నాడు. మీరు వచ్చేదాకా తేదీ వాయిదా వేశాం. పాస్‌పోర్టులకు ఏమేం కావాలో వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. వచ్చేటప్పుడు కాస్త గోంగూర పచ్చడి తీసుకురా. తిట్టాలనుంటే వచ్చాకే తిట్టు, పడతాను.

బావకు నా నమస్కారాలు చెప్పు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు, ఏదీ దాచకు. మీరిద్దరూ మనసారా దీవిస్తేనే నాకు ఈ పెళ్లి.

సాక్షులు ఇద్దరు కావాలి. రెండు చోట్లా మీ పేర్లే ఇచ్చాను. సంతకం పెడతావో, బావ కింద వేలిముద్రే వేస్తావో నీ ఇష్టం. ఈసారి నేను తలుపు వెనక్కి పోను.

నీ చెల్లెలు
సుజాత