టాంపాలో మనది కాని ఆట

బెల్డన్, ఒహాయో
డిసెంబరు 2, మంగళవారం

బెల్డన్ మ్యూల్స్ అనే కాలేజీ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల సంఘానికి కార్యదర్శి, తీర్మానాల రచయిత, అవతలి పార్కింగు స్థలానికి ఏకైక అధిపతి అయిన శ్రీ డ్వైట్ కుంకెల్ గారికి, పదో తరగతి తప్పి స్కూలు బస్సుల కింద పడుకుని బోల్టులు బిగించి బతుకుతున్న లైల్ బోడీ వినయంగా నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను, నా మోకాలు, నా కుక్క క్షేమం. తమరు క్షేమమేనని నాలుగిళ్ళ అవతల మంచు ఎత్తిపోస్తున్న పార చప్పుడే చెప్తోంది.

మర్యాదలు అయిపోయాయి. ఒరేయ్ డ్వైట్!

గురువారం చర్చి కింద హాల్లో జరిగే సమావేశంలో నువ్వు నా మీద తీర్మానం పెడుతున్నావని బడ్ చెప్పాడు. లైల్ బోడీని సంఘంలోంచి తీసెయ్యాలి, బౌల్ ఆటకు వెళ్ళే బస్సు ఎక్కనివ్వకూడదు, అవునా? ఇరవై రెండేళ్ళుగా ఆ బస్సు నడిపేది నేను. దాని రెండో గేరు నా తిట్లకు తప్ప దేనికీ లొంగదు. నన్ను దింపేసి స్టీరింగు బడ్‌కి ఇస్తారా? వాడు సొంత గ్యారేజీలోంచి కారు బయటికి తీస్తూ రెండుసార్లు తలుపు విరగ్గొట్టినవాడు. మీ చావు మీరు చావండి.

శనివారం ఆరో గెలుపు రాగానే మనవాళ్ళకు ఎక్కడలేని చదువూ వచ్చేసింది, చూశావుగా. ఆరు గెలిచాక ఏదో ఒక ఊరు మనల్ని సీజను చివర్లో ఆడించే బౌల్ ఆటకు పిలవక తప్పదు. ఏ ఊరో ఆదివారం టీవీలో చెప్పేదాకా దేవుడికి కూడా తెలీదు. కానీ బడ్‌కి తెలుసు! స్టేడియం బయట పార్కింగులో ట్రక్కు వెనక తలుపు దించి, చిల్లీ కూర కుండ పక్కన మ్యాపు పరిచి, గరిటెతో ఊళ్ళు చూపించాడు. డెట్రాయిట్ అయితే మూడు గంటల దారి, పైన కప్పు ఉంటుంది, వాన రాదు అన్నాడు. డెట్రాయిట్ చూడ్డానికి సంవత్సరమంతా ఎదురుచూశానా అని బడ్ పెళ్ళాం ఆర్లీన్ విరుచుకుపడింది. ఆవిడకి బహామాస్ కావాలిట. "నీ మొగుడికి పాస్‌పోర్టు లేదు కదమ్మా" అన్నాను నేను. "మరీ మంచిది. నేనొక్కదాన్నే వెళ్తాను" అంది ఆవిడ. మోబీల్ అయితే రొయ్యలు, ఎల్ పాసో అయితే ఎండ, బొయిసీ అయితే కిందటేడులాగే మళ్ళీ అదే నీలం రంగు గడ్డి మైదానం, అదే మంచు. మనలో ఒక్కడూ ఆ కాలేజీ మెట్లెక్కినవాడు కాదు. అయినా చూడు, ఆ జట్టు ఎక్కడికి పోతుందోనని కూతురి పెళ్ళికంటే ఎక్కువ మథనపడిపోతాం.

నా మొహం చూడకూడదని అవతలి స్థలంలో కారు పెట్టుకున్నా ఆ కబుర్లకు నువ్వూ వచ్చావు. రాకుండా ఉండలేవు. నాకు వీపు పెట్టి నిలబడి డెట్రాయిటే అన్నావు. అంతా బాగానే ఉంది. మీ ఆవిడ నోరీన్ ఉంటే ఏ ఊరు అనేదో అని ఆర్లీన్ నోరు జారింది. అప్పుడు నువ్వు ఇటు తిరిగి, గరిటె చిల్లీలో మునిగిపోయేంత గట్టిగా, "దాని చివరి ఆట ఈ దరిద్రుడు మింగేశాడు" అన్నావు. "ముప్ఫై ఒక్క ఏళ్ళు నా పక్కన కూర్చుని ఒక్క ఆట వదల్లేదు. పోయేముందు ఒకే ఒక్క ఆట చూడాల్సింది. ఈ కోతి వెధవ దాన్నీ చూడనివ్వలేదు" అన్నావు. బడ్ మునిగిన గరిటె కోసం కుండలో వెతకడం మొదలెట్టాడు. నేను నోరెత్తలేదు. నేను మాట్లాడకుండా ఉండటం నువ్వు పుట్టి బుద్ధెరిగాక చూసింది అదే మొదటిసారి అయ్యుంటుంది.

సరే, నా నేరం నేనే చెప్తాను. తీర్మానంలో తప్పులు రాస్తావు, నీ చేతిరాత నాకు తెలుసు. కిందటేడు డిసెంబరులో, ఊరు ప్రకటించే ఆదివారానికి మూడు రోజుల ముందు, నేను నీకు ఫోను చేశాను. స్టేడియం మైకులో మాట్లాడేవాడి గొంతు పెట్టాను. "కుంకెల్ గారూ, పాత అభిమానులు కదాని మీకొక్కరికే చెప్తున్నాం. టాంపా, ఇరవై ఎనిమిదో తారీకు. రహస్యం" అన్నాను. నువ్వు ఫోనులోనే ఏడ్చినంత పని చేశావు. మర్నాడే మీ ఫ్యాక్టరీలో సెలవు కాగితం ఇవ్వడానికి ఆఖరి రోజు. క్రిస్మస్ తరవాతి వారం సెలవు రాయించుకుని, వాపసు లేని విమానం టికెట్లు కొని, బీచి మీద గది తీసుకున్నావు. ఆదివారం బడ్ ఇంట్లో టీవీవాడు బొయిసీ, పదిహేడో తారీకు అన్నాడు. నేను సోఫా వెనక నిలబడి అదే గొంతుతో "కుంకెల్ గారూ, రహస్యం" అన్నాను. ఇల్లు పగిలేలా నవ్వారు. నీ మొహం మటుకు పిండి రాసినట్టు తెల్లబడింది. మీ ఫోర్‌మన్ సెలవు మార్చనన్నాడు. మేం బొయిసీ వెళ్ళాం, మన మ్యూల్స్ కంచరగాడిదలు గెలిచాయి. నలభై ఏళ్ళలో మొదటి బౌల్ గెలుపు, నువ్వు ఫ్యాక్టరీలో రేడియోలో విన్నావు. క్రిస్మస్ తరవాత మీరిద్దరూ టాంపా వెళ్ళొచ్చారు. ఫిబ్రవరిలో నోరీన్ పోయింది. చర్చి మెట్ల మీద నేను చెయ్యి చాపితే నువ్వు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నావు.

అంతకుముందు నీ ఇంటి ముందు "అమ్మబడును" అని బోర్డు పాతాను, ముగ్గురు బేరానికి వచ్చారు, నోరీన్ వాళ్ళకి వంటిల్లు కూడా చూపించింది. నీ టోపీలో చేప పెట్టాను. అవన్నీ క్షమించావు. ఇది క్షమించలేకపోయావు. న్యాయమే. నీ స్థానంలో నేనుంటే తీర్మానంతో ఆగేవాణ్ణి కాదు.

కాబట్టి గురువారం నేను హాలుకు రాను. బస్సు తాళాలు బడ్‌కి ఇచ్చేశాను. రెండో గేరుకు ఏం తిట్టాలో కాగితం మీద రాసి అద్దానికి అంటించాను. ఆర్లీన్ వినకుండా చదవమను. డెట్రాయిటే వస్తుందని నా లెక్క. కప్పు కింద కూర్చుని హాయిగా చూడండి.

ఇట్లు,
నీ పాత స్నేహితుడు, కొత్త శత్రువు,
లైల్ బోడీ

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. నన్ను ఎన్ని అన్నా పడేవాణ్ణిరా. నేను ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. కానీ శనివారం నువ్వు ఆమె పేరున అబద్ధం చెప్పావు, అబద్ధమని తెలియకుండానే. అది ఆమె మీద ఉండిపోకూడదు.

ఫోను చెయ్యమన్నది నోరీనే. నవంబరులో కారు బ్రేకులు చూపించడానికి నా షెడ్డుకు వచ్చింది. డాక్టరు ఏం చెప్పాడో అక్కడే, టైర్ల మీద కూర్చుని, నాకు చెప్పింది. నీకు చెప్పమన్నాను. సీజను అయ్యాక చెప్తానంది. ఇప్పుడు చెబితే ఆస్పత్రుల చుట్టూ తిప్పుతాడు, నాకు జాలి వద్దు లైల్, సముద్రం కావాలి అంది. ఆట లేని ఊరికి నువ్వు ఆమెను ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదట. అందుకని ఆట ఉందని చెప్పాల్సి వచ్చింది. తారీకు ఆమె చెప్పింది, గొంతు నాది. సోఫా వెనక నవ్వు కూడా ఆమె అడిగిందే. కోపం నా మీద ఉంటే తనని అనుమానించవట.

ఇంకోటి. స్టేడియంలో నోరీన్ చెవిలో పెట్టుకునే ఆ చిన్న రేడియోలో ఆట వ్యాఖ్యానం వింటోందని అందరితో గొప్పగా చెప్పేవాడివి. అది వంటల కార్యక్రమంరా. ఆమె ఆటలకు రావడం మొదలెట్టిన మూడో సంవత్సరం నుంచీ నాకు తెలుసు.

టాంపా నుంచి ఆమె నాకు రాసిన కార్డు దీంట్లో పెడుతున్నాను. వెనక్కి పంపనక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు.

"లైల్, సముద్రం నేననుకున్నంత పెద్దదే. డ్వైట్ నిన్ను తిట్టని పూట లేదు. ఇవాళ ఇక్కడ ఎవరో రెండు ఊళ్ళవాళ్ళ ఆట ఉంటే టికెట్టు కొనుక్కుని వెళ్ళాడు, పొద్దుగూకేదాకా రాడు. హోటలువాడు ఇసకలో రెండు కుర్చీలు వేశాడు. ఒకటి తీసెయ్యనా అని అడిగాడు. ఉండనీ అన్నాను."