గడ్డి కొయ్యని పిచ్

ఏవండీ,

బాగున్నారా అని అడగాలో లేదో తెలియదు. మీరు వెళ్లిపోయి రెండేళ్లు నిండాయి. మొన్న ఆదివారం మన గుంటూరులోనే మీ పేరిట మ్యాచ్ పెట్టారు. ముఖ్య అతిథి ఎవరో చెప్పనా... మీ కెప్టెన్.

నవ్వకండి. నిర్వాహకులు ఆయన పేరెత్తగానే నాకు ఒళ్లు మండిపోయింది. అయినా పిలవమన్నాను. ఒక్కటే షరతు పెట్టాను, పిచ్ మీద గడ్డి కొయ్యకూడదని.

మీరు దేశానికి ఆడిన మూడు టెస్టుల్లోనూ ఆయన చేసిందేమిటి? కొత్త బంతి మీ చేతికిచ్చి రెండు మూడు ఓవర్లు వేయించడం, తర్వాత దాన్ని నేలకేసి రుద్ది స్పిన్నర్లకివ్వడం. మీలాంటి ఫాస్ట్ బౌలర్లకి సాయపడే గడ్డిపరకైనా పిచ్ మీద లేకుండా ముందే గొరిగించేవాడు. మూడో టెస్టు నుంచి ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ మీరన్న మాట నేను మరిచిపోలేదు.

"వాళ్లకి బౌలర్ అక్కర్లేదే సుశీలా. బంతి మెరుపు పోగొట్టే మనిషి కావాలి."

మళ్లీ మిమ్మల్ని పిలిచిన పాపాన పోలేదు. పత్తి మిల్లు ఉద్యోగంలోనే మీ బతుకు గడిచిపోయింది. ఆఖరికి ఆస్పత్రి మంచం మీద కూడా అదే కదా అడిగారు...

"కాస్త పచ్చిక ఉన్న పిచ్ మీద, కొత్త బంతి నాకిచ్చి, వాణ్ణి ఒక్కసారి బ్యాటింగుకు రమ్మనవే."

వచ్చాడండి. మీ ఫొటోకి దండ వేశాడు. సీజను కదా, గాలి మిర్చి యార్డు వైపు నుంచి కొడుతోంది. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే జనం మీకోసం ఏడుస్తున్నాడనుకున్నారు. ఘాటుకని నాకు తెలియదూ? మైకులో మిమ్మల్ని మంచి మనిషి అన్నాడు. మంచి బౌలర్ అనడానికి మాత్రం నోరు రాలేదు.

తర్వాత పిచ్ చూశాడు. మొహం మాడిపోయింది. గడ్డి కోయించమని సెక్రటరీని పట్టుకున్నాడు. ఆ సెక్రటరీ పాపం నా వైపు చూశాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. తల అడ్డంగా ఊపానంతే.

ముఖ్య అతిథి కాబట్టి బ్యాటింగుకు ముందు ఆయనే దిగాడు. కొత్త బంతి మీ తమ్ముడు శీను చేతిలో ఉంది. మీరు నేర్పినట్టే కుట్టు నిటారుగా పట్టుకున్నాడు. మొదటి రెండూ బయటికి పోయాయి. మూడోది గడ్డి మీద పడి గబుక్కున లోపలికొచ్చింది... ఆఫ్ స్టంపు లేచిపోయింది. ఎల్బీ అయితే అంపైరు మొహమాటపడేవాడేమో!

ఆయన ఆట చూద్దామని వచ్చిన జనం ఉసూరుమన్నారు. నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను. తల దించుకుని నా ముందు నుంచే వెళ్తుంటే ఇంకా గట్టిగా కొట్టాను. జాలి పడాల్సిందంటారా? నాకు రాలేదండి. మీ మీద ఆయనకి ఎప్పుడైనా వచ్చిందా?

కసి తీరిందా అంటే, లేదు. మూడు టెస్టులకి ఒక్క మ్యాచ్ ఎక్కడ సరిపోతుంది? అందుకే బహుమతులిచ్చేటప్పుడు మైకు తీసుకుని, వచ్చే ఏడు కూడా తమరే రావాలని అందరి ముందూ అడిగేశాను. కాదనలేక తలూపాడు.

మీరు నిశ్చింతగా ఉండండి. గడ్డి సంగతి నేను చూసుకుంటాను.

మీ
సుశీల