బయటివారి మార్పులకు స్వాగతం

జూలై 7, ఉ. 6.30
తీర్మానం! పశువుల టీకా తేదీలు గుర్తుచేసే నా యాప్ కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టి మూడేళ్లయింది. బయటివారు మార్పులు పంపడం, నేను విసుక్కోవడం, వాళ్లు పారిపోవడం. ఇక చాలు.
1. ఒక్క రోజులో జవాబు.
2. కసురుకోను.
3. ఎవరి మార్పునూ నేను తిరగరాయను. దగ్గరుండి వాళ్లచేతే చేయిస్తాను.
కర్ణాటకలోని మా చింతామణి మొత్తంలో నా అంత ఓపిక ఎవరికుంది!

జూలై 8, సా. 5.00
వచ్చింది! మండికల్ డెయిరీలో పనిచేసే అంబిక, యాప్‌లోని ఇంగ్లీషు సందేశాలన్నీ తెలుగు చేసి పంపింది. పన్నెండున వాళ్ల ఊళ్లో గాలికుంటు టీకా. ఆలోపు చేర్చాలట. పోయినసారి సందేశం అర్థంకాక ఆమె అత్త మునివెంకటమ్మ తన ఆవుకు టీకా వేయించలేదు. ఆవు నెల రోజులు కుంటింది, పాపం.
ఎలా పంపాలో పొద్దున నేనే గంటసేపు ఫోన్లో నేర్పాను. నేనేనా ఇది!

జూలై 9, ఉ. 10.00
ఫైలు తెరిచాను. తెలుగే. కానీ అంతా కన్నడ లిపిలో!
కసురుకోలేదు. కాస్త గట్టిగా అడిగానంతే.
"తెలుగంటే తెలుగు అక్షరాలుండల్ల గదమ్మా?"
"మేము సదివింది కన్నడ బళ్లో అప్పా. మా ఊళ్లో తెలుగు అక్షరాలు ఎవురికొస్తాయి?"
పద్ధతి పద్ధతే. మళ్లీ చేయమన్నాను.

జూలై 10
అంబిక రెండుసార్లు మెసేజ్ పెట్టింది. జవాబివ్వలేదు. కరెంటు లేదు.
(ఫోన్లో చార్జింగ్ ఉంది.)

జూలై 11, మ. 2.00
మూడో నియమానికి చిన్న సవరణ: మరీ అవసరమైతే తిరగరాయవచ్చు.
తిరగరాశాను. నలభై సందేశాలు, చక్కటి తెలుగు అక్షరాల్లో! అంబిక పంపినదాన్ని యాప్‌లో చేర్చకుండానే మూసేసి, "ధన్యవాదాలు, నేనే చేసేశాను" అని రాశాను. ఎంత మర్యాద!

జూలై 12, ఉ. 9.00
అంబిక ఫోన్.
"మీరు పెట్టింది ఊళ్లో ఒక్కరూ సదవలేకపోతాండారు. నేనే ఇంటింటికీ పొయ్యి టీకా సంగతి చెప్తాండా."
వెనక నుంచి మునివెంకటమ్మ గొంతు: "ఆయప్పకి మన తెలుగు రాదేమోలేమ్మా!"
యాప్‌ను మా అమ్మకు చూపించాను.
"ఇదెవురికి రాసినావు కిశోరా? నేనూ కన్నడ బళ్లోనే గదా సదివింది, నాకే సదివేకి రాదే!"
మూడేళ్లలో అమ్మను ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సా. 6.00
ఊళ్లో అన్ని ఆవులకూ టీకా పడింది. అంబిక కాళ్ల పుణ్యం, నా యాప్‌ది కాదు. క్షమించమన్నాను. మళ్లీ పంపమని బతిమాలాను.
"మీరు ముట్టుకోనంటే పంపుతా."

జూలై 13, ఉ. 6.30
తీర్మానం! ఒకే నియమం: ముట్టుకోను.
అంబిక పంపింది, కన్నడ లిపిలోనే. రెండో సందేశంలో తేదీ తప్పు. రెండు నొక్కులు నొక్కితే సరిపోతుంది. ఎవరికీ తెలియదు కూడా.
లాప్‌టాప్ మూసి అమ్మ చేతికిచ్చాను. అంబికకు ఫోన్ చేస్తాను.