తువ్వాలుతో సహా మాట్లాడనిచ్చుట గురించి

గుంటూరు.

వ్యాపార నైపుణ్య పరీక్షల మండలి అధ్యక్షుల వారి సముఖమునకు,
మిర్చి యార్డులో కొనుగోలు మనిషిగా పనిచేయు తోట పానకాలు నమస్కరించి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మాటతీరు మరియు సభలో ప్రసంగం అను పరీక్షలో రెండుసార్లు తప్పిన అర్జీదారునికి మూడోసారి అవకాశం ఇప్పించుట గురించి, సదరు పరీక్షకు భుజం మీద తువ్వాలును అనుమతించుట గురించి, మరియు తమరి చేతిలో అర్జీదారుడు పెట్టినది లంచం కాదు, ఉత్త వేళ్ళు మాత్రమేనని తెలియజేసుకొనుట గురించి.

సూచిక: నా కాగితం మీద తమరు ఎర్ర సిరాతో వ్రాసిన "ప్రవర్తన అనుమానాస్పదం. ఇకమీదట పిలవవద్దు" అను వాక్యములు.

పై విషయమై తమరికి సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ఒక మిర్చి వ్యాపారి గారి తరఫున యార్డులో సరుకు కొనే మనిషిని. మీసం రాకముందు నుంచీ ఇదే పని. ఈ పనికి ఇంతవరకూ నోటితో అవసరం పడలేదు. రైతు బస్తా విప్పుతాడు. నేను నాలుగు కాయలు తీసి, విరిచి, వాసన చూసి, రైతు తరఫున నిలబడిన కమిషన్ ఏజెంటు చేతిలో చెయ్యి పెడతాను. పైన తువ్వాలు కప్పుకుంటాం. ఏ వేలు పట్టుకుంటే ఎంత ధర, ఎన్ని వేళ్ళు నొక్కితే ఎంత అనేది మా ఇద్దరికే తెలుసు. చుట్టూ జనం మూగినా ఒక్కడికీ అంతు చిక్కదు. బేరం కుదిరితే ఆయన నా చెయ్యి బిగిస్తాడు, కుదరకపోతే తన చెయ్యి లాక్కుంటాడు. మొహం చూస్తే మనసులో ధర తెలిసిపోతుంది కాబట్టి ఆ కాసేపూ ఇద్దరం చెరో దిక్కు చూస్తాం. అల్లాబక్షు గారనే ఏజెంటుతో నేను సగం జీవితం చేతులు కలిపాను. ఆయన గొంతు ఎలా ఉంటుందో వాళ్ళ అమ్మాయి పెళ్ళికి వెళ్ళినప్పుడు గానీ నాకు తెలియలేదు. చాలా మంచి గొంతు.

2. ఇప్పుడు తువ్వాలు బేరం రద్దయినది. ధర అందరికీ వినపడేలా నోటితో చెప్పాలి. మంచిదే. తన సరుకు ధర రైతు చెవిన పడాలి, కాదన్నవాడు మనిషే కాదు. కాకపోతే ఆ ఉత్తర్వుకు తోకలాగా ఇంకొకటి వచ్చింది. కొనే మనుషులందరూ తరగతులకు హాజరై, తమరి మండలి ముందు ఐదు నిమిషాలు ప్రసంగించి, సర్టిఫికెట్టు తెచ్చుకుంటేనే యార్డు కార్డు. ఉగాది దాటితే పాత కార్డు చెల్లదు. కార్డు లేనివాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ తరువాత నా గతేమిటో నాకు తోచడం లేదు.

3. తరగతులు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు మూడో అంతస్తులో జరిగినవి. మెట్లు ఎక్కేసరికే మాలో సగం మందికి మాట పడిపోయింది. పాఠం చెప్పిన శ్రీరమ్య మేడమ్ నాకు కూతురయ్యే వయసు వారు. చెవికి మైకు తగిలించుకుని, "అంకుల్, ప్రెజెంటేషన్ అంటే టెన్షన్ పడకండి. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడండి, చేతులు కదపండి, నవ్వుతూ మాట్లాడండి. అంతే!" అన్నారు. అయ్యా, ఆ మూడూ చేసినవాడు మా యార్డులో పూట గడవకుండా దివాలా తీస్తాడు. కళ్ళలోకి చూడకూడదు, చేతులు కనపడకూడదు, నవ్వామా సరుకు నచ్చిందని తెలిసిపోయి ధర పెరుగుతుంది. ఈ మాట మేడమ్‌తో చెబుదామని రోజూ అనుకున్నాను. చెప్పడం వస్తే ఆ తరగతికి ఎందుకు వెళ్తాను?

4. మొదటి పరీక్ష సంగతి. అదీ ఆ మూడో అంతస్తులోనే. అంశం: నేను, నా పని. నా సాటి కొనుగోలు మనిషి బుడే తన ఫోనులో తయారుచేసి పెట్టిన ఎర్రటి మిరపకాయ బొమ్మ తెర మీద పడింది. నేను నిలబడితిని. నోరు తెరిచితిని. అలవాటు కొద్దీ కళ్ళు పైకి పోయినవి. పైన ఫ్యాను తిరుగుచున్నది. నేను ఫ్యానునే చూచుచుంటిని. కాసేపటికి తమరూ పైకి చూశారు. మెంబర్లూ చూశారు. వెనక కూర్చున్నవాళ్ళందరూ చూశారు. ఆ ఫ్యాను ఊడిపడుతుందేమోనని ఒకాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అది చూసి అందరూ లేచారు. అటెండరు పరిగెత్తుకెళ్ళి కరెంటు తీసేశాడు. తెర మీద మిరపకాయ ఆరిపోయింది. "ఎవరికీ దెబ్బలు తగల్లేదుగా?" అని చీకట్లో తమరు అడిగారు. ఆ ఐదు నిమిషాల్లో ఆ గదిలో స్పష్టంగా మాట్లాడింది తమరొక్కరే. నాకు సున్నా వేశారు. న్యాయమే.

5. రెండో పరీక్షకు ముందు బుడే నా భుజం తట్టి, "ఒరేయ్ పానకాలూ, భయమేస్తే నీకు అలవాటైన పని మొదలుపెట్టరా. మాటలు వాటంతటవే వస్తాయి" అన్నాడు. నాకు అలవాటైన పని ఏదో తమరికి ఒకటో పేరాలో మనవి చేసితిని. నేను గౌరవంగా తమరి బల్ల దగ్గరకు వచ్చి, తమరి కుడిచెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, కిటికీ వైపు చూస్తూ వేళ్ళు నొక్కితిని. తమరు మొదట షేక్ హ్యాండ్ అనుకుని నవ్వారు కూడా. తరువాత తువ్వాలు చూశారు. పచ్చిమిరపకాయ కొరికినట్టు తమరి మొహం ఎర్రబడింది.

"ఏమయ్యా, నాకే లంచం ఇస్తావా? అదీ ఇంతమంది ముందు?" అని లేచారు.

"ఇంతమంది ముందు" అన్న మాట దగ్గర వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అది నేను కాదు. తువ్వాలు దులిపించారు. ఏం రాలింది అయ్యా? నాలుగు గింజలు, కాస్త మిరప పొడి. ఆ పొడికి తమరు తుమ్మారు, మెంబర్లు తుమ్మారు, శ్రీరమ్య మేడమ్ మైకులో తుమ్మారు. ఆ తుమ్ము కింద వీధిలో ఆటోవాళ్ళకు కూడా వినపడిందని బుడే చెబుతాడు, వాడి మాట సగానికి సగం కొట్టేయవచ్చు. పరీక్ష ఆ పూటకు వాయిదా పడినది. ఎర్ర సిరా నా కాగితం మీద పడినది.

ఇందుమూలముగా తెలియజేసుకొనునది ఏమనగా, నేను తమరి చేతిలో నొక్కినది ఆనాటి తేజ రకం ధర. తేజ మేలైన సరుకు. రంగు పోయిన తాలుకాయ ధర నొక్కి ఉంటే తమరు కోప్పడటంలో అర్థం ఉంది. గౌరవం కొద్దీ పై ధర నొక్కాను. తమరు చెయ్యి లాక్కున్నారు. మా లెక్క ప్రకారం బేరం కుదరలేదన్నమాట. అందులో లంచం ప్రసక్తి ఎక్కడున్నది?

6. ఇంటి దగ్గర జరిగినది. ఇది అర్జీలో వ్రాయవచ్చునో లేదో తెలియదు గానీ, నాకు మాట వచ్చిందనడానికి ఇంతకన్నా రుజువు లేదు. రెండోసారి కూడా తప్పి ఇంటికి వెళ్ళి రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను. మూడోనాడు నా భార్య మల్లేశ్వరి పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చింది.

"ఏమయ్యా, ఐదు నిమిషాలు మాట్లాడలేవా? కూరగాయలామెతో నేను నిలబడి అరగంట మాట్లాడతాను."

"అయితే నా బదులు నువ్వెళ్ళు" అన్నాను.

"పోతాను, నాకేం భయం? ముందు నువ్వు లే. ఇదిగో నా చెయ్యి. ఆ దిక్కుమాలిన తువ్వాలు కప్పుకో. ఆ క్యాలెండరు వంక చూస్తూ చెప్పు."

తువ్వాలు కప్పాను. క్యాలెండరు చూశాను. "నా పేరు పానకాలు" అన్నాను. అయ్యా, ఆ తరువాత ఎక్కడా ఆగలేదు! కాయ విరిస్తే వచ్చే చప్పుడును బట్టి తడి ఎంతుందో ఎలా చెప్పాలో చెప్పాను. అక్కడి నుంచి ప్రసంగం దారి తప్పినది. మల్లేశ్వరి పండుమిరప పచ్చడి నూరిన రోజున సందు మొదట్లోనే నా సైకిలు వేగం పెరుగుతుందని చెప్పాను. ఆమె పుట్టింటికి వెళితే నేను పొయ్యి వెలిగించననీ, ఇల్లు చూస్తే భయమేస్తుందనీ చెప్పాను. పెళ్ళిచూపుల్లో ఆమె మొహం చూడకుండా వాళ్ళింటి దూలం వంక చూస్తూ కూర్చున్నది నచ్చక కాదనీ, మరీ నచ్చేసిందనీ, అది మొహంలో తెలిసిపోతుందని భయపడి చూశాననీ చెప్పాను.

ఆ దూలం సంగతి ఆమె మనసులో ఇన్నేళ్ళూ ఉండిపోయిందట. ఇష్టం లేకుండా చేసుకున్నాననుకుంటోందట. నాకేం తెలుసు అయ్యా! నేను ఎవరినీ అడిగినవాణ్ణి కాదు, ఎవరికీ చెప్పినవాణ్ణి కాదు.

సదరు భార్య కంటతడి పెట్టినది. కారణం అడుగగా, తువ్వాలులో మిరప పొడి ఉన్నదని వాంగ్మూలం ఇచ్చినది. తువ్వాలు ఆ ఉదయమే ఉతికినది.

పిమ్మట ఆమె కళ్ళు తుడుచుకుని, "అయితే నా ధర ఎంతో చెప్పు చూద్దాం" అని తువ్వాలు కింద చెయ్యి చాపింది. కొనేవాడు మొదట తక్కువ నొక్కి తరువాత పెంచుట మా వృత్తిధర్మం. అలవాటులో తక్కువే నొక్కితిని. ఆమె చెయ్యి లాక్కుని, "తాలుకాయననుకున్నావా?" అని వీపు మీద ఒకటి వేసినది. పెంచక తప్పలేదు. బేరం ఎంతవరకు పోయినది ఈ అర్జీకి సంబంధం లేని విషయం. పప్పు మాడిపోయినది. మాడిన పప్పునే నవ్వుకుంటూ తిన్నాము.

7. కావున నా కోరికలు:

అ. ఎర్ర సిరా మాటలు కొట్టివేయించి మూడోసారి పిలిపించవలెను.

ఆ. తువ్వాలు అనుమతించవలెను. ముందే తమరి ఎదుట దులిపి చూపిస్తాను, తమరు కాస్త దూరంగా కూర్చుంటే మంచిది.

ఇ. తమరి చెయ్యి ఇక ముట్టుకోను. నా భార్య నా పక్కన కుర్చీలో కూర్చుని తన చెయ్యి ఇస్తుంది. మధ్యలో మాట్లాడదు. ఇది ఆమె ఇచ్చిన హామీ, దీనికి నేను పూచీ పడలేను.

రేపు యార్డులో కూడా భార్యను వెంటబెట్టుకుని తిరుగుతావా అని తమరు అడగవచ్చు. అదీ ఆలోచించాను. మొన్న అల్లాబక్షు గారి చెయ్యి పట్టుకుని, పైన ఏ గుడ్డా కప్పకుండా, ధర నోటితో అరిచి చూశాను. ఆయన అదిరిపడి, "పానకాలు గారూ, మీరేనా!" అన్నారు. బస్తా పక్కన కూర్చున్న రైతు లేచి నిలబడి, "ఇంకోసారి చెప్పండి" అన్నాడు. చెప్పాను. అతని మొహం చూస్తూ చెప్పాను. అంత సంతోషం నేను యార్డులో ఎప్పుడూ చూడలేదు, చూసేవాణ్ణి కాదు గదా.

అయ్యా, ఇక పద్ధతిగా వ్రాయలేకపోతున్నాను. నాకు మిరపకాయ తప్ప ఇంకో పని రాదు. ఆ గేటు బయట నిలబడి లోపలికి చూసే రోజు వస్తే తట్టుకోలేను. మాట వచ్చింది అయ్యా. ఆలస్యంగా వచ్చింది గానీ వచ్చింది. ఒక్కసారి వినండి.

ఈ అర్జీని దయతో చిత్తగించి, వీలైనచో ఈసారి ఫ్యాను లేని గదిలో పరీక్ష పెట్టించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
తోట పానకాలు

తా.క. అయ్యగారూ, నేను మల్లేశ్వరిని. ఈ కాగితం మీ ఆఫీసులో ఇచ్చి రమ్మని నాకిచ్చాడు మా ఆయన. తనే వస్తే అలవాటులో మళ్ళీ మీ చెయ్యి పట్టుకుంటాడేమోనని భయమంట. మీ మెట్ల మీద కూర్చుని మొత్తం చదివాను. పప్పు సంగతి కూడా రాసేశాడు, సిగ్గు లేకుండా. పోనీలెండి, ఉన్నదే రాశాడు.

ఆయన్ని పాస్ చెయ్యండి. మంచోడు, పని పోతే మనిషి దక్కడు. కాకపోతే నాదొక చిన్న మనవి. సర్టిఫికెట్టు చేతికొచ్చిన మర్నాటి నుంచి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడేమోనని నాకు గుబులుగా ఉంది. అందుకని దాని వెనకాల ఒక రూలు అచ్చేయించండి. రోజూ సాయంత్రం ఇంట్లో ప్రాక్టీసు చెయ్యకపోతే ఈ సర్టిఫికెట్టు చెల్లదని. మీ ముద్ర ఉంటే నమ్ముతాడు, గవర్నమెంటు కాగితమంటే ఆయనకి భయం.

పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడాను బాబూ. వినడం నాకు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.