రెండు టర్బోల ఇంజన్ ఎవరికి చెందాలంటే

పాల్మాకుల వాస్తవ్యుడు కీ.శే. చెన్నయ్య కుమారుడనైన కుర్మయ్య అనే నేను, కొత్తూరులో ఇంజన్ల డిజైనర్‌గా పనిచేసి మానుకున్నవాడిని, వయసు 63, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. గుండెలో ఒక వాల్వు పాడైందని, ఆపరేషన్ చేయాలని దవాఖానలో చెప్పారు. వాల్వుల సంగతి నాకు ఒకరు చెప్పాలా! అయినా ఆపరేషన్‌కు ముందే రాసిపెట్టమని నా భార్య రుక్కమ్మ పట్టుబట్టింది.

1. పాల్మాకుల ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా రుక్కమ్మకు సర్వహక్కులతో చెందాలి. మా షెడ్డులో నడుస్తున్న ఇంజన్ మీద నిండు చాయ్ గ్లాసు పెట్టి, తొణకకపోతేనే ఇంజన్ పాసయినట్టు లెక్కేసేవాళ్లం. ఖరీదైన కారులో వెనక కూర్చున్నాయనకు ఇంజన్ ఉన్నట్టే తెలియకూడదు మరి. ఆ చాయ్‌లన్నీ రుక్కమ్మ పెట్టినవే. "తాగేటందుకు చేసిన్నా, ఇంజన్‌కు పెట్టేటందుకా?" అని తిట్టేది. ఆ తిట్లంటే నాకు ప్రాణం.

2. కొత్తూరు షెడ్డు, అందులోని నమూనా ఇంజన్ నా కూతురు శిరీషకు చెందాలి. అమ్ముకున్నా, నడుపుకున్నా ఆమె ఇష్టం. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన 2008లో ఒక విదేశీ కార్ల కంపెనీ దాని డిజైన్‌ను నాకూ, నా దోస్తు బిక్షానికీ కలిపి అప్పగించింది. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగతోనే తిరుగుతూ, లోపలికి మరింత గాలి తోసే యంత్రం. రెండు పెట్టాలని ఇద్దరం ఒప్పుకున్నాం. రెండూ ఒకే సైజువి పెట్టి, కలిసి తిరగనివ్వాలన్నాను నేను. చిన్నది ముందు అందుకోవాలి, పెద్దది తర్వాత రావాలన్నాడు వాడు. మూడేళ్లు అదే పోరు. మేం తేల్చుకునేలోపే కంపెనీవాళ్లు విసిగి పని వేరేవాళ్లకిచ్చారు. నాదే సరైనదని ఇప్పటికీ అంటాను.

3. నా కొలత పనిముట్లు, అంటే మైక్రోమీటర్లు, వెర్నియర్లు కూడా శిరీషకే. తుడవకుండా పెట్టెలో పడేస్తే ఊరుకోను. మా డ్రాయింగ్ మీద కాఫీ కప్పు పెట్టిన కంపెనీ మేనేజర్‌గారికి ఏమీ ఇవ్వడం లేదు.

4. బిక్షానికి ఏమీ రాయలేదు, కావాలనే. ఆస్తి పొందేవాడు సాక్షి సంతకం పెట్టకపోవడమే మంచిదని వకీలు చెప్పారు. నాకు వాడి సంతకం కావాలి. 2011 నుంచి వాడు మంఖాల్‌లో, నేనిక్కడ, మాటల్లేవు. పని పోయిన బాధ ఎప్పుడో తీరింది. షెడ్డు ముందు కూర్చుని, నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటే ఆ చప్పుడును మించి అరుచుకుంటూ వాదించుకున్న సాయంత్రాలు మాత్రం మరిచిపోలేను. ఆపరేషన్‌కు ముందు వాణ్ని ఒక్కసారి చూడాలి. ఊరికే రమ్మంటే రాడు. అందుకే సాక్షిగా రమ్మని శిరీషతో కబురు పంపాను. వాడు రాకపోతే రెండో సాక్షి చోటు ఖాళీగానే ఉంచాలి. అలాగైతే వీలునామా చెల్లదంటున్నారు వకీలు. చెల్లకపోతే పోనీ.

పాల్మాకుల, 14 అక్టోబర్ 2013.
సంతకం: కుర్మయ్య

సాక్షులు:

1. కౌసల్యమ్మ, పక్కింటి నివాసి, పాల్మాకుల.

2. బిక్షం, మంఖాల్. కుర్మయ్య నా ముందరనే సంతకం పెట్టిండు, చూసిన. చిన్న టర్బోనే ముందుగాల తిరగాలె. దవాఖానకు నేనే తోల్కపోత.