తోడల్లుడికి అడ్డంగా పైన్ చెట్టు

జూలై 6, ఆదివారం
పైన్ మొక్క వచ్చేసింది! నా నడుమెత్తు ఉంది. ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుందట. గేటు పక్కన, సరిగ్గా ఎదురింటి బాల్కనీకి అడ్డంగా నాటాను.

ఎదురిల్లు మా తోడల్లుడిది. కిందటేడు వదిన పోయింది, ఆ వెంటనే ఆయన రిటైరయ్యారు. పాపం అనుకోవాల్సిందే. అనుకుందామంటే ఆయన ఊరుకోరు. పొద్దస్తమానం బాల్కనీలో కుర్చీ వేసుకుని మా ఇంటిని పర్యవేక్షిస్తుంటారు, జీతం లేకుండా. చెట్టు గుబురుగా పెరిగితే ఆయనకు నేను కనిపించను, నాకు ఆయన కనిపించరు. ప్రశాంతత!

"ఇదైనా చివరిదాకా చేస్తారా? గిటారు ఇంకా అటక మీదే ఉంది," అంది మా ఆవిడ.
చేస్తాను. చెట్టయ్యేదాకా వదలను. ఒట్టు.

జూలై 7, ఉదయం ఆరు
లేచాను! నీళ్లు పోశాను! "మట్టి ఎండితేనే నీళ్లు పోయండి సార్," అన్నాడు నర్సరీ అతను. నాకు 'పోయండి' బాగా గుర్తుంది.
బాల్కనీ నుంచి తొలి వ్యాఖ్య: "తమ్ముడూ, గుంత మరీ పల్లంలో తీశావు."
వినపడనట్టు లోపలికొచ్చేశాను.

జూలై 14
కొమ్మల చివర లేత చిగుళ్లు కొవ్వొత్తుల్లా నిలబడ్డాయి. ఫొటో తీసి ఆఫీసంతా తిప్పాను. "బాగుంది. ఇందులో మొక్క ఏది, కలుపు ఏది?" అన్నాడు క్యాషియర్. అసూయ.

జూలై 22
లేవలేదు. వాన పడేలా ఉంది కదా అని. పడలేదు. తప్పు వానది.

జూలై 28
నిన్న లేవలేదు. మొన్న కూడా. పెద్ద చెట్లకు రోజూ ఎవరు పోస్తున్నారు? మొక్కకు స్వయంకృషి అలవాటు కావాలి.

ఆగస్టు 2
కింది ఆకులు పసుపురంగుకు తిరిగాయి. కంగారుపడి రెండు బకెట్లు కుమ్మరించాను.
"ఏడాదంతా పచ్చగా ఉంటుందన్నావు. ఏ పచ్చో అడగలేదా తమ్ముడూ? పసుపుపచ్చ కూడా పచ్చే మరి," అన్నారు పైనుంచి.
పళ్లు నూరుకున్నాను.

ఆగస్టు 10
పసుపు కొమ్మలన్నీ కత్తిరించేశాను. ఒకవైపు పూర్తిగా బోడి. ఇప్పుడు బాల్కనీ మునుపటికన్నా స్పష్టంగా కనిపిస్తోంది.

ఆగస్టు 17, ఆదివారం
ముట్టుకుంటే గోధుమరంగుకు తిరిగిన సూదుల్లాంటి ఆకులు జలజలా రాలిపోయాయి. అయిపోయింది.
పీకేద్దామని కూర్చుంటే గునపం పట్టుకుని తోడల్లుడు దిగొచ్చారు. ఇద్దరం తవ్వాం. గుంతలో నీళ్లు! వేళ్లు నల్లగా కుళ్లి కంపు కొడుతున్నాయి.

"ఇన్ని నీళ్లు నేను పోయలేదే! సగం రోజులు అసలు లేవనే లేదు," అన్నాను.
"మీరు లేవట్లేదనే నేను పోశాను," అంది మా ఆవిడ.
తోడల్లుడు గునపం వైపు చూస్తూ గొణిగారు: "నేనూ పోశాను. మీరిద్దరూ ఆఫీసులకు వెళ్లాక. పైపు లాక్కొచ్చి, రోజూ."
"మీరెందుకన్నయ్యా?"
"ఎండిపోతుందేమోనని. ఇంట్లో ఏం తోచదు తమ్ముడూ. దీనికి నీళ్లు పడితే, ఆ రోజు ఒక పని చేసినట్టుండేది."

గునపం ఆయన చేతిలోంచి అందుకుని గోడకు ఆనించాను. ఎవరికి అడ్డంగా నాటానో ఆయనకు తెలుసో లేదో అడగలేదు. టీకి లోపలికి పిలిచాను. మా కుర్చీలు తప్పుడు దిక్కున వేశామని చెప్పి మరీ కూర్చున్నారు.

ఆగస్టు 24, ఆదివారం
కొత్త పైన్ మొక్క! ఈసారి మట్టి ఎత్తు చేసి, గేటుకు అవతలి మూలన నాటాం. అక్కడ ఎండ బాగా తగులుతుందని మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బాల్కనీ వైపు చూసి, "అవునవును, ఎండే," అంది.

నీళ్ల పని ఒక్కరిదే: అన్నయ్యది. అదీ మట్టి వేలితో తాకి చూశాకే.

నేనూ రేపటి నుంచి ఆరింటికే లేస్తాను. ఆయన పోస్తున్నప్పుడు పక్కన నిలబడి వంకలు పెట్టడానికి ఒక మనిషి ఉండాలిగా!